చూపినోని వాటా

నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. ఆ మూడేళ్లలో ఒక్క పాఠం కూడా సరిగ్గా అప్పజెప్పిన పాపాన పోలేదు. బడి మానేసిన పదేళ్లకు మాత్రం, అదే బడిలో, అదే గదిలో, రోజూ పొద్దుగూకే ముందు చేతులు కట్టుకుని నిలబడి తప్పు లేకుండా అప్పజెప్పాను. అప్పటికి పంతులు లేడు. పంతులు కుర్చీలో జమేదారు ఉన్నాడు. పిల్లలు కూర్చునే జాగాలో తుపాకులు గోడకు ఆనుకుని వరసగా ఉన్నాయి. మాకంటే అవే బుద్ధిగా కూర్చున్నాయి.

యూనియన్ మిలిట్రీ వచ్చి రాజ్యం మారిన ఏడు అది. వానకాలం పోతూ పోతూ మిలిట్రీని దించి పోయింది. మిలిట్రీ పోతూ పోతూ పోలీసు క్యాంపును దించి పోయింది. మా ఊరు నల్లగొండ జిల్లాకు తోక, పాలమూరు జిల్లాకు తల. డిండి వాగు దాటి నడిస్తే అమ్రాబాదు అడవులు. దొరల మీద కొట్లాడిన సంగంలో తిరిగినవాళ్లలో దొరికినవాళ్లు క్యాంపుకు పోయారు, దొరకనివాళ్లు వాగు దాటారు. గుట్ట దిక్కు పనికి పోయి వచ్చే ప్రతి మనిషీ సాయంత్రం క్యాంపులో మొహం చూపించి, ఆ రోజు ఏం చూశాడో చెప్పి ఇంటికి పోవాలని దండోరా వేశారు. పొద్దుగూకినాక ఊరు దాటితే కాల్చేస్తామని కూడా అదే డప్పు మీద చెప్పారు.

చాలామంది భయపడి గుట్ట కింది చేన్లకు పోవడం మానేశారు. నాకు మానే వీలు లేదు. మా జొన్నచేను సరిగ్గా గుట్ట పాదం దగ్గర ఉంది. పాలు పట్టిన కంకుల మీద పిట్టలు వాలే కాలం. మంచె ఎక్కి వడిసెల తిప్పి రాళ్లు విసరకపోతే మాకు మిగిలేది చొప్పే. నాయిన పోయి అప్పటికి చాలా ఏళ్లు. ఇంట్లో అవ్వ, నేను. అవ్వ అంటే మా దిక్కు తల్లి. ఇంకొకడు కూడా ఉన్నాడు. వాడి సంగతి తర్వాత చెబుతాను, అప్పట్లో కూడా తర్వాతే చెప్పేవాళ్లం.

మొదటి రోజు జమేదారు నన్ను కిందినుంచి మీదికి చూసి, "ఏం చూశావురా ఇవాళ?" అన్నాడు. ఆయనది సముద్రం దిక్కు. మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది. అర్థం కాని సగానికి కోపం వచ్చేది.

"చిలుకలను జూసిన సారు."

"చిలుకలా?"

"ఔ సారు. నూరు దాక ఉంటయి. గోరెంకలు గూడ ఉన్నయి. ముంగిస ఒకటి. కుందేళ్లు రెండు. గాని రెండోది మొదటిదే మల్లొచ్చిందేమో, నేను అడగలే."

చెంప మీద ఒకటి పడింది.

"మనుషుల గురించి అడుగుతున్నాను."

"మనుషులు ఇండ్లల్లనే ఉన్నరు సారు. జంతువులకే దండోరా ఇనవడలేదు."

మూలన కూర్చుని రాసే పోలీసు ఫక్కున నవ్వి, దగ్గుతో కప్పేసుకున్నాడు. జమేదారు నవ్వలేదు. కాని రెండో దెబ్బ కూడా వేయలేదు. మూల దిక్కు తిరిగి, "రాసుకో. ముంగిస, ఒకటి" అన్నాడు.

అట్లా మొదలైంది. రోజూ పోవడం, చెప్పడం, వాళ్లు రాసుకోవడం. ఊరి పేరు కూడా సరిగ్గా పలకరాని ఆ జమేదారుకు పొద్దుపోక నా పట్టికే ఆసరా అయింది. కొన్నిసార్లు పక్క గదిలోంచి మనిషి అరుపు వినిపించేది. దెబ్బ చప్పుడు ముందు, అరుపు తర్వాత. నేను ఆగేవాణ్ని కాదు. "పాలపిట్ట ఒకటి, మంచె గుంజ మీద వాలింది" అని కాస్త గొంతు పెంచి చెప్పేవాణ్ని. జమేదారు కూడా, ఆ చప్పుడు తనకేమీ కానట్టు, "పాలపిట్టంటే మంచి శకునం కదరా" అనేవాడు. ఆ గది పూర్వం మాకు ఒకటో తరగతి. ఎక్కాలు రాకపోతే గోడకుర్చీ వేయించేవాళ్లు అక్కడ. అంతకు మించి నాకు ఆ రోజుల్లో ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడం మొదట్లో వింతగా ఉండేది, తర్వాత అది కూడా పోయింది.

చూడడానికి మాత్రం ఆ ఏడు కొదవ లేదు. చలి రాలేదు. పుష్యమాసం పూసలు గుచ్చేంతసేపు అంటారు. పొద్దు పొట్టిదే, కాని ఆ పొట్టి పొద్దంతా ఎండ. గొంగడి మోసుకుపోయి కప్పుకోకుండా కింద వేసుకుని కూర్చునేవాణ్ని. చలికాలం బొరియల్లో దాగవలసినవన్నీ బయటే తిరిగేవి. జెర్రిపోతు మిట్టమధ్యాహ్నం చేని గట్టున కట్టెలాగా చాపుకుని పండేది. తొండ మంచె నిచ్చెన ఎక్కి నా పక్కనే కూర్చుని తల ఆడించేది, నేను చెప్పేదల్లా ఔనంటున్నట్టు. ఊళ్లో ఆ రోజుల్లో నాతో ఔనన్నది అదొక్కటే. పట్టపగలు నక్క చేని మధ్యలోంచి పెండ్లికి పోతున్నట్టు తీరిగ్గా నడిచిపోయేది. గుట్ట అవతలి బీడులో తీతువు పిట్టలు ఉండేవి. మనిషి అడుగు పడితే చాలు, పొడుగు కాళ్లు వేలాడేసుకుని లేచి నెత్తి మీద తిరుగుతూ కూసేవి. ఇంటి మీద తీతువు కూస్తే చావుకబురు వస్తుందని అవ్వ నమ్మకం. దాని గొంతు వినిపిస్తే చాలు, "నీ నోట్ల మన్ను వడ" అని ఉమ్మేసేది.

ఇక ఆ ఇంకొకడు. నాకంటే మూడేళ్లు పెద్ద, మా అన్న. సంగంలో తిరిగాడు. మిగతావాళ్లతో కలిసి వాగు దాటవలసినవాడే. మడమలో తుమ్మముల్లు విరిగి చీము పట్టి, కాలు కింద పెట్టలేక ఆగిపోయాడు. గుట్టకు తూర్పు దిక్కున పెద్ద రాతిగుండ్ల సందులో పండి ఉన్నాడు, ఊరికి కూతవేటు దూరంలో. కాలు మానితే వాగు దాటుతాడు. మానక ముందే క్యాంపుకు తెలిస్తే పక్క గదిలోకి వస్తాడు. మా ఇంటికి ఆ చలికాలంలో ఉన్న లెక్క అదొక్కటే. ముందు ఏది జరుగుతుందనేదే తెలియదు.

పొద్దున చేనుకు పోయేటప్పుడు ఊరి చివర కాపలా పోలీసు సద్దిమూట విప్పించి చూసేవాడు.

"ఇంత బక్కోడివి, ఆరు రొట్టెలా?"

"పిట్టలు నూరు సారు, నేను ఒక్కణ్ని. ఆరన్న తినకుంటె అవే నన్ను ఎత్తుకపోతయి."

రొట్టెల మధ్య పసుపు, వేపనూనె కలిపి నూరిన ముద్ద ఆకులో చుట్టి ఉండేది. అది తొక్కు అనుకునేవాళ్లు. ఒకసారి ఒకడు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు కూడా. "మీ దిక్కు తొక్కు ఇంత చేదా?" అన్నాడు. "మా దిక్కు అన్ని గిట్లనే ఉంటయి సారు" అన్నాను.

గుండ్ల మధ్య వాననీళ్లు నిలిచే దోనె ఒకటుంది. తాగడానికి నీళ్లు ముంచుకునే నెపంతో అక్కడికి పోయి మూడు రొట్టెలు పెట్టి వచ్చేవాణ్ని. అన్న సందులోంచే మాట్లాడేవాడు.

"అవ్వ ఎట్లున్నదిరా?"

"పొద్దుగాల లేస్తే నిన్ను తిడుతాంది."

"గట్లనా? అయితే బాగనే ఉన్నది."

ఇక ఇంటికి వచ్చాక అవ్వకు చెప్పాలి. మా ఇంటికీ పక్కింటికీ నడుమ గోడ లేదు, తడిక. పక్కింటి చిన్నమ్మ మంచి మనిషే. కాని ఆమె చెవిలో పడ్డ మాట నోట్లోంచి బయటికి రావడానికి మధ్యలో ఎక్కడా ఆగదు. అందుకని అన్న పేరు ఇంట్లో ఎత్తేవాళ్లం కాదు. వాడు చిన్నప్పుడు అవ్వ కూలికి పోతుంటే కొంగు పట్టుకుని వదిలేవాడు కాదట. ఉడుంపట్టు. అవ్వ వాణ్ని అప్పట్లో ముద్దుకు ఉడుమనే పిలిచేది, చిన్నమ్మ పక్కింటికి కాపురానికి రాకముందు. కాబట్టి నేను గడపలో కాలు పెట్టగానే అవ్వ, అందరికీ వినబడేట్టు, "ఇయ్యాల ఏం గనవడ్డయిరా?" అని అడిగేది. నేను క్యాంపులో చెప్పిన పట్టికే మళ్లీ చెప్పేవాణ్ని. చివర ఒక్కటి కలిపేవాణ్ని.

"ఉడుము గూడ గనవడ్డదవ్వ. పండుకొనే ఉన్నది."

ఇంకో రోజు, "ఉడుము జరంత జరిగింది."

అవ్వ పొయ్యిలో కట్టె ముందుకు తోసేది. చిన్నమ్మ తడిక అవతలినుంచి, "మీ గుట్ట మీద గీ ఉడుము ఏందే అక్కా, ఒక్క తీరుగ ఆడనే ఉంటాంది. దానికి ఇల్లు వాకిలి లేదా?" అని నవ్వేది.

ఒకే నోటితో రెండు పట్టికలు. క్యాంపు పట్టికలో ఉడుము ఉండదు, ఇంటి పట్టికలో ఉంటుంది. మూడో తరగతి చదువుకు అంతకంటే కష్టమైన పాఠం పెట్టకూడదు.

ఒక రోజు మధ్యాహ్నం దోనె దగ్గరికి పోతే అన్న సందులోంచి బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి, మొహం పాలిపోయి ఉన్నాడు. కట్టె ఆసరా లేకుండా ఒక గుండు నుంచి ఇంకో గుండు దాకా నడిచి చూపించాడు. పది అడుగులు. నేను లెక్కపెట్టాను.

"నాలుగు దినాలైతే వాగు దాటుత," అన్నాడు. "అవ్వకు జెప్పు."

ఆ మాట అవ్వకు ఎట్లా చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఎన్నో రోజుల తర్వాత లోపల ఏదో కదిలినట్టనిపించింది. క్యాంపులో నిలబడి, "చిలుకలు ఎప్పటి లెక్కనే సారు. నక్క ఒకటి. కౌజుపిట్టలు నాలుగు. ఉడుము ఇయ్యాల లేచి పది అడుగులు నడిచింది సారు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి పోవడం నేనే చూశాను. పిట్ట అయితే వడిసెలతో కొట్టేవాణ్ని.

"ఉడుమా?" జమేదారు కుర్చీలోంచి లేచాడు. లేస్తూ రెండు చేతులతో మోకాలు పట్టుకున్నాడు. మా రాళ్ల మీద తిరిగి తిరిగి ఆయన మోకాళ్లు పట్టేశాయి. "ఉడుము మాంసం కీళ్ల నొప్పులకు మందురా. నెలనుంచీ దీనికోసమే చూస్తున్నాను. నువ్వు రోజూ తొండలూ ముంగిసలూ చెప్పి దీన్ని దాచావు. ఎక్కడుంది?"

"గుట్ట మీద సారు. గాని పెద్దదేం గాదు. బక్కది. కుంటిది గూడ."

"కుంటిదైతే మరీ మంచిది. తొందరగా దొరుకుతుంది."

"సలికాలం సారు. బొరియల వండుకుంటది, బయటికి రాదు."

"చలి ఎక్కడుందిరా?" రాసే పోలీసు వైపు తిరిగాడు. "చదువు."

ఆ పోలీసు వెనక్కి కాగితాలు తిప్పి, నేను నెల రోజులుగా చెప్పిన పాఠమంతా నాకే చదివి వినిపించాడు. జెర్రిపోతు, గట్టు మీద, ఎండ కాగుతూ. తొండ, మంచె మీద. పాము కుబుసం, కొత్తది. ఎండ, రోజూ ఎండే.

"రేపు పొద్దున నువ్వే చూపించాలి," అన్నాడు జమేదారు.

ఇంటికి పోయాక అవ్వ అడిగింది. ఉడుము పది అడుగులు నడిచిందని చెప్పాను. అవ్వ మొహం పక్కకు తిప్పుకుంది. నవ్విందని భుజాలను బట్టి తెలిసింది. మిగతాది చెప్పలేదు. చెబితే ఏం చేస్తుంది? ఊరు దాటి పోయి చెప్పి వచ్చే వీలు లేదు. బువ్వ తిన్నాను, పండుకున్నాను. నిద్ర కూడా పట్టింది. అది ఎట్లా పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

తెల్లవారాక జమేదారు, ముగ్గురు పోలీసులు, ముందు నేను. అన్న ఉన్నది తూర్పు దిక్కు. నేను పడమటి దిక్కు నడిచాను. పడమటి దిక్కున అన్నీ బోడి బండలు. నాకు బుద్ధి తెలిశాక ఆ దిక్కున ఉడుమును చూసినవాడు ఊళ్లో లేడు. ఒక పూట తిప్పి, ఎండకు అలసగొట్టి, నాలుగు తన్నులు తిని ఇంటికి పోవచ్చు. ఆ తన్నులకు నేను అప్పుడే ఒళ్లు సిద్ధం చేసుకున్నాను.

మూడో బండ దాటగానే ఉడుము కనబడింది.

నిజం ఉడుము. చేతి పొడవు కంటే పెద్దది. సాపు రాయి మీద ఆరేసిన బట్టలాగా పండి ఉంది. గొంతు కింద తోలు లేస్తూ పడుతూ ఉంది. అబద్ధం చెప్పినవాడి మీద దయతో వచ్చినట్టు వచ్చి పడుకుంది. నేను దగ్గాను. కాలితో ఒక రాయి దొర్లించాను. అది నాలుక బయటికి చాపి నన్ను చూసింది, కదలలేదు. వెనుకనుంచి జమేదారు చెయ్యి నా భుజం మీద పడి పక్కకు జరిపింది.

తుపాకి పేలింది. ఆ చప్పుడు గుట్టకు తగిలి తిరిగి వచ్చింది, మళ్లీ పోయింది. గుట్టకు తూర్పున గుండ్ల సందులో ఉన్న మనిషికి అది ఎవరిని కొట్టిన తుపాకో ఎట్లా తెలుస్తుంది?

పోలీసులు ఉడుము దగ్గరికి ఉరికారు. అప్పుడే గుట్ట అవతలి బీడులో తీతువు లేచింది. ఒకటి కూసింది, దానికి ఇంకొకటి కలిసింది. ఒకచోట తిరిగి ఊరుకోలేదు. కూత ముందుకు పోతోంది. బీడు మీదుగా, తిన్నగా, వాగు దిక్కుకు. ఒక జత ఆగితే దాని ముందున్న జత అందుకుంటోంది. కింద ఎవరో ఉరుకుతున్నారు. మధ్య మధ్యలో కూత ఒక్క క్షణం అక్కడే ఆగి మళ్లీ కదులుతోంది. కాలు బాగా లేని మనిషి ఉరికినట్టు.

"అదేం పిట్టరా?" అన్నాడు జమేదారు.

"తీతువు సారు."

"ఎందుకట్లా అరుస్తోంది?"

"దానికి పనేం లేదు సారు. ఊకనే ఒర్రుకుంట తిరుగుతది, నా లెక్కనే."

జమేదారు నవ్వాడు. వాళ్లు కట్టెకు ఉడుమును కడుతున్నంతసేపూ నేను నిలబడి విన్నాను. కూత సన్నబడి సన్నబడి ఆగింది.

తర్వాత ఊళ్లో ఏం జరిగిందో నేను చూడలేదు. పక్కింటి చిన్నమ్మే చెప్పింది, మరునాడు, నవ్వుతూ. తుపాకి చప్పుడు విని ఊరంతా వాకిళ్లలోకి వచ్చిందట. ముందుగా వచ్చిన పోలీసు బడి దగ్గర చెప్పిన కబురు అందుకుని చిన్నమ్మ ఉరుక్కుంటూ వచ్చి, అందరికంటే ముందు మా అవ్వకే చెప్పిందట.

"ఓ అక్కా! గుట్ట మీద ఉడుమును గొట్టిన్రట! సచ్చిందట! నీ చిన్న కొడుకే ముంగట నడిచి సూపెట్టిండట!"

అవ్వ అప్పుడు రొట్టెలు చేస్తోంది. "ఇన్నదో లేదో తెల్వలే," అన్నది చిన్నమ్మ. "పెనం మీద రొట్టె మాడి పొగ లేస్తాంది. రొట్టె మాడుతాందే అక్కా అన్న. నా దిక్కు జూసింది. అంతే, తియ్యలే."

మేము వచ్చేసరికి అవ్వ గడపలో కూర్చుని ఉంది. క్యాంపుకు పోయే దారి మా ఇంటి ముందునుంచే. ఇద్దరు పోలీసులు కట్టెను భుజాల మీద మోసుకుంటూ, దానికి వేలాడే ఉడుము తోక అటూ ఇటూ ఊగుతుండగా, ఆమె ముందునుంచి పోయారు. అవ్వ ఉడుమును చూసింది. దాని నాలుగు కాళ్లూ, తోకా చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమె చేతులకు జొన్నపిండి ఎండి తొడుగులాగా ఉంది. ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, కనీసం నన్ను తిడుతుందనుకున్నాను. లేచి లోపలికి పోయింది.

చిన్నమ్మ అరిచినప్పటినుంచి ఉడుము మా వాకిట్లోకి వచ్చేదాకా ఎంతసేపు పట్టి ఉంటుంది? ఒక రొట్టె మాడి బొగ్గయ్యేంతసేపు. అంతసేపూ ఆమెకు పెద్ద కొడుకు లేడు. అంతసేపూ చిన్న కొడుకు ముందు నడిచి చూపించినవాడు. ఆ తర్వాత ఉడుము నిజం ఉడుమే అయింది. కాని ఆమె నమ్మిన మాటను ఎవరు వచ్చి వెనక్కి తీసుకుపోతారు?

పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఒక పోలీసు మోదుగాకులో చుట్టిన మాంసం తెచ్చాడు. మా దిక్కు వేటలో ఒక పద్ధతి ఉంది. కొట్టినవాడితో పాటు, జంతువును చూపించినవాడికీ ఒక వాటా ఉంటుంది. వాడు తుపాకి ముట్టకపోయినా సరే. ఎవరో ఆ పద్ధతి జమేదారు చెవిన వేశారు. ఆయన ధర్మం తప్పే మనిషి కాదు.

"ఏమమ్మా, చూపినోడి వాటా. జమేదారుగారు పంపారు," అన్నాడు పోలీసు గడపలో నిలబడి, వాడకట్టంతా వినేట్టు.

అవ్వ రెండు చేతులూ చాపి తీసుకుంది.

ఆ పోలీసు పోలేదు. వండితే తనకూ రుచి చూపిస్తుందని వాకిట్లో కూర్చున్నాడు. అవ్వ కడిగింది, కారం పెట్టింది, వండింది. వాడికి ఒక ముక్క పెట్టింది. నా ముందు గిన్నె పెట్టి, "తిను" అన్నది. ఉప్పు రెండుసార్లు పడింది. వాకిట్లో పోలీసు మొహం చిట్లించాడు. నేను తిన్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

"సాలా?" అన్నది అవ్వ.

వాడు లేచి పోయాక, చిన్నమ్మ రోకలి చప్పుడు చూసుకుని, అవ్వ చెవి దగ్గర చెప్పాను. "వాగు దిక్కు పోయిండవ్వ. పట్టుకోలే. తీతువు కూసుకుంట పోయింది, నేను ఇన్న."

అవ్వ ఖాళీ గిన్నె తీసి పక్కన పెట్టింది. "తీతువు కూస్తె మంచిది గాదు" అన్నది. ఆ రోజు ఆ పిట్టను తిట్టలేదు.

ఆ తర్వాత అన్నను మేము చూడలేదు. సంగం రోజులు పోయాక అడవి దిక్కునుంచి కొందరు తిరిగి వచ్చారు. ఒకరు వాగు ఒడ్డున చూశామన్నారు, ఒకరు అమ్రాబాదు పైన చెంచుగూడెంలో ఒక కుంటివాడున్నాడన్నారు. పోయి వెతికాను. ఆ కుంటివాడు వేరే కుంటివాడు. అన్న బతికి ఉన్నాడని కబురు రాలేదు. పోయాడని కూడా రాలేదు.

ఆ చలికాలం మాత్రం ఇంకా మిగిలి ఉంది. క్యాంపులో జమేదారు ఎప్పటిలాగే అడిగేవాడు, నేను చెప్పేవాణ్ని. ఆయన మోకాళ్లు తగ్గలేదు. "మీ ఉడుముకు పస లేదురా" అనేవాడు. ఇంట్లో అవ్వ అడగడం మానేసింది. నేను గడపలో కాలు పెడితే కట్టె పొయ్యిలోకి తోసేది. అడగకపోయినా నేనే చెప్పేవాణ్ని. "ఉడుము గనవడ్డదట అవ్వ, వాగు అవతల. బండ్లోళ్లు జెప్పిన్రు." ఇంకో రోజు, "ఉడుము మంచిగనే నడుస్తాందట." బండ్లవాళ్లు ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. అవ్వ "ఊఁ" అనేది. నేను ఏ రోజూ ఆ ఉడుమును మానలేదు. ఆమె ఏ రోజూ ఊఁ కంటే ఎక్కువ అనలేదు. చిన్నమ్మ అరిచిన మాట నమ్మావా అని నేను అడగలేదు. నోరు తెరిస్తే నలుగురిని నవ్వించేవాణ్ని, ఆ ఒక్క మాటకు నోరు రాలేదు.

సద్దిమూటలో మాత్రం ఆరు రొట్టెలు అట్లనే పెట్టేది. మూడు నేను తిని, మిగతా మూడు తుంపి మంచె కింద పారేసేవాణ్ని. పొద్దంతా వడిసెలతో కొట్టి తరిమిన పిట్టలే వచ్చి తినేవి. వాటికీ నాకూ ఆ సంగతిలో మాటపట్టింపు లేదు.

శివరాత్రి ఇంకా రాలేదు. కోతకు ముందు రోజు ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టాను.

"ఉడుము గనవడ్డదట అవ్వ."

అవ్వ పెనం మీద రొట్టె తిప్పి వేసింది.

"రోజు ఉడుమేనా కొడుకా?" అన్నది. "గుట్టంత ఉడుములేనా? కుందేలు గిట్ట ఏం గనవడలేదా?"

నేను చెంబు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆమె తిరిగి చూడలేదు. కాని వినడానికి చెయ్యి ఆపింది.

"కుందేలు గనవడలే," అన్నాను. "తీతువు అప్పుడే గుడ్లు వెట్టిందవ్వ. మన చేని కొసకు, బీడుల. నాలుగు. గూడు లేదు ఏం లేదు. రాళ్లల్ల రాళ్ల లెక్కనే ఉన్నయి. కాలు మీద వడేదాక గనవడయి."

"తొక్కలేదు గద?"

"తొక్కలే."

"మంచిది," అన్నది అవ్వ. "రేపు కోతకొచ్చెటోళ్లకు జెప్పు. సూసి నడువుమను."

మరునాడు చేని దగ్గర సద్దిమూట విప్పితే రొట్టెలు ఆరే ఉన్నాయి. పక్కన ఆకులో పసుపుముద్ద. అన్న వాగు దిక్కు పోయినప్పటినుంచి అది పెట్టలేదు, ఆ రోజు మళ్లీ పెట్టింది. మూడు తిని, మూడూ ముద్దా తీసుకుపోయి దోనె దగ్గర గుండు మీద పెట్టి వచ్చాను. సాయంత్రం నీళ్లకు పోతే అవి లేవు. ఆకు కూడా లేదు. నక్క తిన్నదో, కాకులు తిన్నాయో నేను చూడలేదు.

"ఏం చూశావురా ఇవాళ?" అన్నాడు జమేదారు.

"ఏం జూడలే సారు," అన్నాను.

రాసే పోలీసు తల ఎత్తి, నేను ఇంకేమైనా అంటానేమోనని కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు.